బొమ్మకార్డులో లేని మాట

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చే కార్డుల్లో మా నల్లకుక్కకు చోటుండేది, నాకు ఉండేది కాదు. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా మరచిపోలేదా అంటారు. మరచిపోలేదు.

అవి బొమ్మకార్డులు. ఒకవైపు కాశీ ఘాటో, రామేశ్వరం గోపురమో, పూరీ రథమో రంగుల్లో ఉండేవి. వెనుక సగం మా నాన్న పేరు, శంషాబాద్ దగ్గర మా ఊరి చిరునామా; మిగతా సగం నాలుగు ముక్కలు. పంపేది మా చిన్నాన్న. నేను పుట్టడానికి ఏడాది ముందు ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఎడ్లను మేపబోయి చెట్టు కింద కునుకు తీస్తే, ఒక ఎద్దు లేత జొన్నచేలో పడి మేసి, అక్కడే చచ్చిపోయిందట. లేత జొన్న పశువుకు విషమని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. ఆ కోపంలో మా నాయనమ్మ, ఎద్దుకు బదులు నువ్వు పోయినా బాగుండేదని నోరు జారింది. మర్నాడు ఆయన ఆరాంఘర్‌లో లారీ ఎక్కి, లారీల మీదే పనికి కుదిరాడు. ఆ తర్వాత ఏ ఊళ్ళో లారీ ఆగితే ఆ ఊరి నుంచి ఏడాదికో కార్డు వచ్చేది. తన అడ్రసు రాసేవాడు కాదు కాబట్టి జవాబు రాసే వీలుండేది కాదు.

నాయనమ్మకు చదువు రాదు. దేవుడి బొమ్మలున్న కాగితాలు కదా అని ఆ కార్డులన్నిటినీ దేవుని అర్రలో గోడకు ఆనించి వరసగా పెట్టేది. ప్రతి శుక్రవారం పటాలతో పాటు వాటికీ తడి పసుపు, కుంకుమ పెట్టేది. మనసు బాగాలేని రోజున ఒక కార్డు తీసుకుని మా తాతయ్య పక్కన కూర్చునేది. ఆయన చదివేవాడు. అందరి క్షేమమూ అడిగాక చివర్లో, అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు, అనే మాట వచ్చేది. అది విన్నాక ఆమె కార్డును కళ్ళకద్దుకుని మళ్ళీ లోపల పెట్టి వచ్చేది.

నాకు ఏడేళ్ళప్పుడు అలిగాను. తాతయ్యను అడిగాడు, మా అమ్మను అడిగాడు, చివరికి కుక్క ఉందా అని కూడా అడిగాడు, నన్నెందుకు అడగడు? రెండు పూటలు అన్నం ముట్టలేదు. నేను పుట్టిన సంగతే ఆయనకు తెలియదని విడమర్చి చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. తర్వాతి కార్డు తాతయ్య చదువుతుంటే అందులో నా పేరు వినిపించింది. మన ఊరివాళ్ళెవరో దారిలో కలిసి చెప్పి ఉంటారని ఆయన నాయనమ్మతో అన్నాడు. ఆమె నాకంటే ఎక్కువ సంతోషపడింది. నేను వాడంతా తిరిగి చెప్పుకున్నాను.

దేవుని అర్రలో కార్డుల మీద మమ్మల్ని చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. తొమ్మిదేళ్ళు వచ్చాక ఒకరోజు నా పేరున్న ఆ కార్డును దొంగతనంగా తీసి, ఎవరైనా చూస్తారన్న తొందరలో నేను చదవకుండానే పట్టుకెళ్ళి పక్కింటి అక్కకు చూపించాను. ఆమె శంషాబాద్ హైస్కూల్లో చదివేది. కార్డు తిప్పి చూసింది.

"గిండ్ల నీ పేరు యాడున్నదే? కుక్క ముచ్చటైతే ఉన్నది" అని నవ్వింది.

ఆ నవ్వు గుర్తుండే తర్వాత ఆమె పెళ్ళికి కూడా నేను వెళ్ళలేదు. ఆ రోజు మాత్రం కార్డు పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో తాతయ్య, నాయనమ్మ చింతపండులోంచి గింజలు తీస్తున్నారు. వాళ్ళ ముందు నిలబడి, తాతయ్య అబద్ధాలు చదివాడని చెప్పి, అక్షరం పొల్లుపోకుండా చదివాను. అన్నా, నేను మంచిగున్న. బాపు మంచిగున్నడా? వదినను అడిగిన అని చెప్పు. నల్లకుక్క ఉన్నదా? అంతే. తాతయ్య లేచి కార్డు తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

నాయనమ్మ చేతిలో గింజ అలాగే ఉంది.

"నా ముచ్చట?" అని అడిగింది.

"నీ ముచ్చట గూడ లేదు" అన్నాను. అన్యాయం నా ఒక్కదానికే జరగలేదని తేలినందుకు కాస్త సంతోషంగానే అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి కార్డులన్నీ కొంగులో వేసుకుని తెచ్చింది. ఒక్కొక్కటే చదవమంది. చదివాను. ఒక్కదానిలోనూ ఆమె మాట లేదు. అన్నిటికంటే పాతవి మూడు కార్డులు మాత్రం మిగిలాయి. ఇన్నేళ్ళ తడి పసుపు వెనక్కి దిగి, వాటిలో సిరా మొత్తం అలుక్కుపోయింది. ఆమె ఆ మూడింటినీ ఒడిలో పెట్టుకుంది.

"గీటిల్ల ఉండొచ్చు గద బిడ్డా" అంది.

తాతయ్య నా వైపు చూశాడు. ఆయన నా నోటి నుంచి ఏ మాట కోరుతున్నాడో నాకు అర్థమైంది. తొమ్మిదేళ్ళదానినే, అయినా అర్థమైంది. కానీ నన్ను రెండేళ్ళు మోసం చేశాడన్న కోపం ఇంకా చల్లారలేదు.

"ఏం కనిపిస్తలేదు నాయనమ్మా. అంత నువ్వే చెరిపినవ్" అన్నాను.

ఆమె ఏడవలేదు. చింతపండు చేట దగ్గరికి జరుపుకుని మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. ఆ శుక్రవారం పటాలన్నిటికీ బొట్టు పెట్టింది గానీ కార్డుల జోలికి పోలేదు. ఆ తర్వాత ఇంకో రెండు కార్డులు వచ్చాయి. చదవమని ఎవరినీ అడగలేదు. నేను చదవనా అంటే, వద్దులే, లోపల పెట్టు అంది. మూడో ఏడు కార్డు రాలేదు. చిన్నాన్న కూడా రాలేదు. నేను పదో తరగతిలో ఉండగా నాయనమ్మ పోయింది.

తాతయ్య నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఆమె పోయిన నెలకు ఒకసారి, నేను అడగకుండానే అన్నాడు: "నీ పేరు సదివితే ఎంత సంబురపడ్డవ్ బిడ్డా. ఆమెది గూడ గా సంబురమే."

ఆ కార్డులు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. పసుపు పోతుందని వాటిని తుడవను, ఎవరినీ తుడవనివ్వను. నన్ను తలచుకోలేదన్న కోపం చిన్నాన్న మీద ఇంకా ఉంది. నేను పుట్టినట్టు ఆయనకు తెలియదని తెలిసీ ఉంది. కోపాలు వదులుకోవడం నాకు చేతకాలేదు. అయితే ఎవరైనా పెద్దావిడ ఒక కాగితం తెచ్చి, జర చదివి చెప్పు బిడ్డా అంటే, నేను ముందు కాగితం చూడను. ఆమె ముఖం చూస్తాను.