మిస్సింగ్ కాదు, అబ్‌స్కాండింగ్

రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో నా పక్కన ముప్పై ఏళ్లావిడ కూర్చుంది. నేను అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతానని మాటల్లో తెలియగానే సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"మా ఆయన కువైట్‌లో డ్రైవరండి. నాలుగు నెలలుగా ఫోన్ లేదు. కంపెనీవాళ్లు ఇది పంపేరు. మిస్సింగ్ అని రాసేరంట కదండీ, ఏజెంటుగారు చెప్పేరు."

కాగితంలో ఉన్నది మిస్సింగ్ కాదు, అబ్‌స్కాండింగ్. క్లాసులో అయితే ఆ రెంటికీ తేడా ఒక్క నిమిషంలో చెప్పేసేవాణ్ణి. అక్కడ మాత్రం కాగితం మళ్లీ మొదటినుంచి చదివి, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాను.

"మిస్సింగ్ అంటే మనిషి కనబడటం లేదు, ఏమయ్యాడో తెలియదు అని అమ్మా. ఇందులో ఉన్న మాట వేరు. పని వదిలేసి, ఎవరికీ దొరక్కుండా పారిపోయాడని నేరం మోపుతున్నారు."

"ఆయ్" అంది మెల్లగా. అంత చేదు మాట విని కూడా అంత మర్యాదగా తలూపిన మనిషిని మా వైపు నేను చూడలేదు.

కాసేపటికి ఫోన్ తీసింది.

"అత్తయ్యగారూ, తప్పిపోలేదంటండి, పారిపోయేరంట. అంటే బతికే ఉన్నట్టు కదండీ! బస్సులో మాస్టారుగారు చెప్పేరండి" అంటూ ఏడ్చేసింది.

నేనలా చెప్పలేదు. మనిషి ఏమయ్యాడో తెలియకపోయినా కంపెనీలు ఆ మాట రాసేయగలవు. అమలాపురం వచ్చి ఆమె దిగిపోయేదాకా, ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు.