మీసం తీసేసిన సార్

నిన్న నిజామాబాద్ నుంచి బాన్సువాడ వచ్చే బస్సులో ముందు సీటాయన ఒకటే గురక. గురక వింటే అందరూ విసుక్కుంటారు, నాకు మాత్రం అది ఆగితే భయం. మళ్ళీ ఊపిరి అందుకునేదాకా నేనూ బిగపట్టుకుని కూర్చున్నాను. గంగారాం సార్ మందుల దుకాణంలో పనికి చేరాక అంటుకున్న అలవాటిది.

తండా నుంచి వచ్చిన నాకు మందుచీటీ చదవడం నేర్పింది ఆయనే. ఎంత పనిమంతుడో అంత నిద్రమొహం, మాట్లాడుతూనే కునికేవారు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని పరీక్షలో తేలింది. డాక్టరు రాసిన, రాత్రంతా గాలి ఊదే మిషన్ మాస్కు పెట్టుకుంటే ఉక్కిరిబిక్కిరి అయ్యేవారు. అందుకని ముక్కు రంధ్రాల మీద అంటించుకునే స్టిక్కర్లు తెప్పించారు. వాటి మధ్యలో చిన్న మూత ఉంటుంది. గాలి పీల్చేటప్పుడు తెరుచుకుని, వదిలేటప్పుడు కాస్త అడ్డుపడుతుంది. ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోదట. అయితే గుబురు మీసం వాటిని అంటుకోనివ్వలేదు. మూడో రోజుకల్లా మీసం తీసేసి వచ్చారు. మా వైపు మగవాడు ఉన్నట్టుండి మీసం తీశాడంటే ఇంట్లో ఎవరో పోయారనే అర్థం. వచ్చినవాళ్ళంతా గొంతు తగ్గించి, "ఎవరు పోయిండ్రు సేటూ?" అని పరామర్శ.

"ఎవ్వరు పోలే. నేను పోవద్దనే తీసేసిన," అనేవారు సార్.

మధ్యాహ్నం కునుక్కి కూడా అవే పెట్టుకునేవారు. కొన్నాళ్ళకు గురక తగ్గింది, మనిషీ హుషారయ్యారు. "మంచిగ పని చేస్తున్నయి సార్," అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

"సప్పుడు తగ్గింది బిడ్డా. రోగం తగ్గిందా? కొందరికి పని చేస్తయట, కొందరికి చెయ్యయట. నేను ఏ కొందర్ల ఉన్ననో."

అవి పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నాడు డాక్టరు. "తగ్గినంక మళ్ల పరీక్ష ఎందుకు సార్?" అన్నది నేనే. ఆయన వాయిదా వేశారు.

వరికోతల రోజుల్లో బిచ్కుంద పోతూ స్కూటీ మీదే నిద్రపోయి పొలంలో పడ్డారు. చెయ్యి విరిగింది. తర్వాత స్టిక్కర్లు పెట్టి పరీక్ష చేస్తే ఊపిరి ఆగడం ఏమీ తగ్గలేదని తేలింది. మరి ఆ హుషారు ఎక్కడిది? స్టిక్కర్లదా, నమ్మకానిదా? ఇప్పటికీ నాకు అంతుపట్టదు. దవాఖానలో ఆయన మంచం పక్కన నిలబడి ఏడ్చేశాను.

"నా మాట ఇనే ఆగిండ్రు గద సార్."

"నీ మాట ఇనలే బిడ్డా. నాకు నచ్చిన మాట ఇన్న."

సార్ ఇప్పుడు లేరు, దుకాణం నేనే చూసుకుంటున్నాను. ఆ స్టిక్కర్లు పని చేస్తాయా అని ఎవరైనా అడిగితే, వాళ్ళకు నచ్చే మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, "నీకు చేస్తయో లేదో నాకు తెల్వదన్నా. పెట్టుకుని పరీక్ష చేపిచ్చుకో," అంటాను. కొందరు మొహం మాడ్చుకుని వేరే దుకాణానికి పోతారు. పోతే పోనీ అనుకోవడం మాత్రం నాకు ఇంకా చేతకాలేదు.