వంగిపోయిన హంగేరీ రికార్డుతో ఆసిఫాబాద్‌కు

తొంభైల మొదట్లో నేను మొదటిసారి ఆసిఫాబాద్ వెళ్ళింది ఒక తప్పు ఒప్పుకోవడానికి. అప్పట్లో కరీంనగర్‌లో ఖలీల్ భాయ్ క్యాసెట్ల దుకాణం నాకు రెండో ఇల్లు. ఆసిఫాబాద్‌లో పనిచేసే సుజాత అనే పశువుల డాక్టర్ తన ఎల్‌పీ రికార్డును క్యాసెట్‌లోకి ఎక్కించమని అక్కడ ఇచ్చి వెళ్ళారు. ఆమె హంగేరీలో చదువుకున్నారట. ఆ దేశంలో హెవీ మెటల్‌కు దారి వేసిన ఒక బృందం మొదటి ఆల్బమ్ అది. రంపం కోసినట్టు గిటార్లు, గుండెలో మోగే డ్రమ్ములు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు పిచ్చెక్కిపోయింది. క్యాసెట్ పని అయిపోయాక, అట్ట మీది బొమ్మ తీరిగ్గా చూసుకుందామని రికార్డును ఒక్కరోజుకు ఇంటికి తెచ్చుకున్నాను. మే నెల ఎండ పడే కిటికీలో పెట్టి మరిచిపోయాను. సాయంత్రానికి అది వేయించిన అప్పడంలా వంగిపోయింది.

ఖలీల్ భాయ్ చూసి చాలాసేపు తల పట్టుకున్నాడు. చివరికి, "పోస్టుల పంపు. దారిల వంగిందనుకుంటది" అన్నాడు. పోస్టాఫీసు దాకా వెళ్ళాను. వరుసలో నిలబడ్డాను కూడా. నా వంతు వచ్చేసరికి చేయి రాక, పొట్లంతో వెనక్కి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆరింటికి పెద్దపల్లి బస్సెక్కాను. గంట ప్రయాణం. అక్కడి నుంచి బల్లార్షా వైపు వెళ్ళే ప్యాసింజర్ రైలు, టికెట్టు పది రూపాయల లోపే. రామగుండం దాటాక గోదావరి వంతెన వస్తుంది. ఎండాకాలం కాబట్టి నది ఇసుక మధ్య సన్నటి పాయలై కనిపించింది. మంచిర్యాలలో సగం పెట్టె ఖాళీ అయింది, బెల్లంపల్లిలో డ్యూటీ దిగిన గని కార్మికులతో మళ్ళీ నిండింది. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగేసరికి పదకొండున్నర. ఊరు అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరం, జీపులో వెళ్ళాలి. ఒళ్ళో పొట్లం ఏమిటని డ్రైవర్ అడిగితే డాక్టరమ్మ వస్తువని చెప్పాను.

"మా బర్రెను బతికిచ్చింది గా అమ్మ" అన్నాడతను. "మంచిదే గని, పని ఖరాబు చేస్తే మాత్రం ఊకోదు."

మిగతా దారంతా పొట్లానికి ఎండ తగలకుండా కండువా కప్పి పట్టుకున్నాను.

ఆసుపత్రి వరండాలో ఆమె చేతులు కడుక్కుంటున్నారు. నలభై లోపు వయసు, చీర కొంగు నడుముకు దోపి ఉంది. నేనెవరో చెప్పి రికార్డు తీసి చూపించాను. ఎవరు చేశారని అడిగారు. నేనేనన్నాను. ఆమె దాని అంచు వెంట వేలు పోనిచ్చి, మళ్ళీ అట్టలో పెట్టేశారు. హంగేరీ హాస్టల్లో తన గదిలో ఉండే అమ్మాయి, తాను ఇండియాకు తిరిగి వచ్చేరోజు రైలు దగ్గరికొచ్చి చేతిలో పెట్టిందని చెప్పారు. రికార్డును బల్ల మీద పెట్టి, మళ్ళీ చేతులు కడుక్కోవడానికి తిరిగారు. నేనిక వెళ్తానన్నాను.

"కూసో" అన్నారు. "మాఫ్ చేసిననుకోకు. కోపమున్నది. నువ్వే వచ్చి చెప్పినవని అన్నం పెడుతున్న."

ఆసుపత్రి వెనకే క్వార్టర్. జొన్నరొట్టె, పప్పు పెట్టి, కాంపౌండర్ ఇంటి నుంచి టేప్‌రికార్డర్ తెప్పించారు. నేను తెచ్చిన క్యాసెట్ వేశాను. మొదటి పాటకు ఆమె మొహం చిట్లించారు. ఈ మోత తనకు అప్పుడూ నచ్చలేదని, స్నేహితురాలి పోరు పడలేక వినేదాన్నని అన్నారు. రెండో పాట సగంలో ఆమె పెదవులు కదలడం చూశాను. గాయకుడి వెనకే, గొంతు బయటికి రాకుండా, ఆ మాటలు పలుకుతున్నారు. కంచంలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"ఆరేండ్లయింది తమ్మీ గీ భాష చెవుల వడక" అన్నారు. "గీడ నాతోని ఎవరు మాట్లాడుతరు? మొత్తం మర్చిపోతున్ననేమోనని భయమయితుండె. జర వెనుకకు తిప్పు."

అలా ఆ ఒక్క పాట ఐదారుసార్లు తిప్పాను. గాయకుడేమంటున్నాడని అడిగితే, గిటార్ల కింద సగం మాటలు తనకూ దొరకడం లేదని నవ్వారు. బయలుదేరేటప్పుడు ఆ భాషలో కృతజ్ఞత ఎలా చెబుతారో నేర్పారు. కొసొనొమ్. నేను పలికిన తీరును మూడుసార్లు దిద్దారు.

మరుసటి ఏడాదే ఆమెకు బదిలీ అయింది. ఆ కోపం పూర్తిగా పోయిందో లేదో నాకు తెలియదు. పోస్టులో పంపినా క్యాసెట్ ఆమెకు చేరేదే, కానీ ఆ పాటలో ఆమె ఏం వింటున్నారో నేనెప్పటికీ చూసేవాణ్ణి కాదు. ఇప్పుడెక్కడైనా తెలియని భాషలో పాట వినబడితే, ఆ మాటల కోసం ఎవరు ఎక్కడ మొహం వాచి ఉన్నారో అనిపిస్తుంది. ఆ వైపు వెళ్ళేవాళ్ళు స్టేషన్‌లో దిగగానే తిరుగు రైలు వేళ అడిగి రాసుకోండి. ఊళ్ళో నుంచి కనీసం గంటన్నర ముందు బయలుదేరండి. జీపు నిండేదాకా కదలదు, రైలు మీకోసం ఆగదు.