అత్తమ్మ ‘తెల్వది’ అన్న రోజు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు రాగానే నన్ను మహబూబాబాద్‌లో మా మేనత్త ఇంటికి పంపేవారు. ఆమెను అత్తమ్మా అని పిలిచేదాన్ని. బస్టాండుకు దగ్గర్లో వాళ్లకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. మామయ్య గుండెనొప్పితో పోయాక దాన్ని అత్తమ్మే నడుపుతూ వచ్చింది. డిగ్రీ చదువుతున్న బావ, అంటే ఆమె కొడుకు, కాలేజీ లేనప్పుడు సాయం చేసేవాడు.

స్టూడియోలో ఉన్నది ఒకే కంప్యూటర్. దాని ఒక్క హార్డ్ డిస్కులోనే మామయ్య రెండు ఆపరేటింగ్ సిస్టంలు పెట్టించాడు. స్కానర్ బాగా పాతది, అది పాత సిస్టంలో తప్ప కదిలేది కాదు. ఫోటోలు దిద్దడం, ప్రింటు తీయడం కొత్తదాంట్లో. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండింటి పేర్లూ వచ్చేవి. ఏది కావాలో అత్తమ్మ చెబితే నేను మీట నొక్కేదాన్ని. తీసిన ఫోటోలన్నీ కొత్త సిస్టం ఉన్న భాగంలో ఉండేవి. వాటికి వేరే కాపీ లేదు.

ఒకరోజు పాత సిస్టం మొరాయించింది. బావ సీడీ పెట్టి దాన్ని మళ్లీ ఎక్కించాడు. పనైతే అయింది కానీ, కంప్యూటర్ తిరిగి మొదలైనప్పుడు రెండు పేర్లు రాలేదు. నేరుగా పాతదాంట్లోకే వెళ్లిపోయింది. ఫోటోలున్న భాగం ఎంత వెతికినా కనిపించలేదు. మామయ్య తీసిన పెళ్లిళ్లు, పేరంటాలు, ఆయన తన కోసం తీసుకున్న నాలుగు ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి.

బావ ముఖం పాలిపోయింది. “అన్నీ పోయినట్టున్నయమ్మా. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి మళ్ల మొదటి నుంచి ఎక్కిస్త” అన్నాడు.

“దానికి చెయ్యి పెట్టకు” అంది అత్తమ్మ. “పోయినయో ఉన్నయో తెల్వకుండ ఇంకోటి చేసుడెందుకు?”

ఆ కంప్యూటర్‌ను మొదట సిద్ధం చేసిచ్చిన మామయ్య స్నేహితుడికి ఫోన్ చేసింది. ఆయన కుటుంబంతో కాళేశ్వరం వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చాక చూస్తాననీ, అంతవరకు ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పాడు.

మర్నాడు దంతాలపల్లి వైపు తండా నుంచి ఒకాయన వచ్చాడు. చెప్పులు బయటే విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పెళ్లి కావలసిన కూతురు జ్వరమొచ్చి చనిపోయిందట. “పోయినేడు ఈడనే ఫోటో దిగిందక్కా. ఆ ఫోటో వానకు తడిసి ఖరాబైంది. ఇంట్ల ఇంకోటి లేదు. ఎల్లుండి దినాలు. పెద్దగ చేసియ్యి” అన్నాడు.

బావ అత్తమ్మను పక్కకు పిలిచి, రేపు రమ్మని చెప్పమన్నాడు. నేనూ అదే మంచిదనుకున్నాను. ఆ మనిషి ముఖం చూస్తూ వేరే మాట ఎలా చెబుతారు?

“రేపు రమ్మంటే రాత్రంత ఆశ పెట్టుకుంటడు. రేపు లేదంటే ఆ పిల్ల మళ్లోపాలి చచ్చిపోయినట్టయితది” అంది అత్తమ్మ.

ఆయనను లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. “అన్నా, నీ బిడ్డ ఫోటో ఈ కంప్యూటర్లనే ఉండె. ఇప్పుడు కనవడ్తలేదు. ఉన్నదో పోయిందో నాకు తెల్వది. తెలిసినాయన ఎల్లుండి లోపట వస్తడని గూడ చెప్పలేను. దొరికితే నేనే తెస్త.”

ఆయన అరుస్తాడనుకున్నాను. కానీ భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అత్తమ్మ లేవలేదు, ఓదార్చలేదు. ఆయన తనంతట తాను లేచేదాకా అక్కడే కూర్చుంది.

మామయ్య స్నేహితుడు వచ్చేసరికి దినాలు అయిపోయాయి. ఫోటోలు చెరగలేదనీ, కొత్త సిస్టంలోకి వెళ్లే దారి మాత్రమే తుడిచిపెట్టుకుపోయిందనీ చూసి చెప్పాడు. దాన్ని సరిచేయగానే రెండు పేర్లూ మళ్లీ తెర మీదికి వచ్చాయి. ఫార్మాట్ చేసి ఉంటే ఏమీ మిగిలేది కాదన్నాడు. బావ బయటికి వెళ్లి ఏడ్చాడు.

అత్తమ్మ ఆ అమ్మాయి ఫోటోను పెద్దది చేసి, నన్ను వెంటబెట్టుకుని బస్సులో తండాకు వెళ్లింది. ఆ అమ్మాయి తల్లి దాని వైపు చూడలేదు. “దినాలు ఒడిసినంక ఎందుకు?” అని గోడ వైపు తిరిగి కూర్చుంది. తండ్రి దాన్ని రెండు చేతులతో అందుకుని, “నువ్వు తెల్వదంటివి గద, ఇంటికొచ్చి ఈమెకు గూడ గదే చెప్పిన. అబద్ధం చెప్పే పని పడలే” అన్నాడు.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో నర్సుగా పనిచేస్తున్నాను. మా వాళ్లు బతుకుతారా అని చెయ్యి పట్టుకుని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏం కాదులే అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని ఆపుకుని, నాకు తెల్వది అని చెప్తాను. కొందరికి కోపం వస్తుంది, కొందరు మొహం తిప్పుకుంటారు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాను.