కొత్త కీబోర్డు

ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే ఆవిడ, పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చిన ఎవరినైనా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ఎగాదిగా చూస్తుంది. తను ముందుగా నమోదు చేసిన పరికరం తప్ప మరేది తగిలించినా అక్కడి కంప్యూటర్లు ఒప్పుకోవు. "మనవరాలి ఫొటోలమ్మా, ఒక్క నిమిషం" అని పెద్ద డాక్టరు బతిమాలినా అంతే. "కొంప మునగడానికి ఆ నిమిషం చాలు సార్. వైరస్ దూరిందంటే రోగుల రిపోర్టులన్నీ గల్లంతే" అంటుంది, చేతిలో టీకప్పు ఊపుతూ.

నిన్న ఆ టీ కాస్తా ఆవిడ కీబోర్డు మీదే ఒలికింది. కొత్తది తెచ్చి తగిలిస్తే 'అనుమతి లేదు' అంది తెర. దాన్ని నమోదు చేయడం మరిచిపోయింది. ఇప్పుడు చేద్దామన్నా టైపు చేయడానికి కీబోర్డు లేదు. గుమ్మంలో పెద్ద డాక్టరు పకపకా నవ్వాడు. "ఏమ్మా, నిన్నూ రానివ్వలేదా?"

కొత్త కీబోర్డును అక్కణ్నుంచి నమోదు చేయడానికి ఆవిడ పక్కగది కంప్యూటరు వైపు దర్జాగా నడిచింది. "నన్నే రానివ్వనిది, మీ ఫొటోల్నేం రానిస్తుంది సార్!"