గుడ్డ సంచి మీది రెండు వరుసలు

శనివారం పని ముగించి కంప్యూటర్ నుంచి హార్డ్ డిస్క్ తీగ లాగినప్పుడు ఒక చిన్న చప్పుడు వస్తుంది. రెండే స్వరాలు, మొదటిది కొంచెం పైన, రెండోది కింద. దుకాణంలో ఫ్యాను మోత, కింది అంతస్తు నుంచి మూటలు దొర్లించే శబ్దం ఎంత ఉన్నా ఆ చప్పుడు నాకు వేరుగా వినిపిస్తుంది. తర్వాత ఆ డిస్కును ఒక గుడ్డ సంచిలో పెడతాను. నమూనా చీర ముక్కతో చేత్తో కుట్టిన సంచి అది. దాని మీద నల్ల సిరాతో, గళ్ళ కాగితం మీద దిద్దినంత పొందికగా రెండు వరుసల తెలుగు ఉంటుంది. రాసింది రాజేశం మామ. ఐదారు నెలల క్రితం సూరత్‌లోని డిండోలి పేటలో మా తెలుగువాళ్ళు కరోనాలో పోయినవాళ్ళను తలచుకుంటూ చిన్న సభ పెట్టుకున్నారు. మామ పేరు వచ్చినప్పుడు నా వెనక కుర్చీలో ఎవరో పక్కవాడితో మెల్లగా అన్నాడు: "పనోడు మంచోడే, గని గా డిస్కు ముచ్చట ఒకటుండె గదా." నేను వెనక్కి తిరగలేదు. ఆ ముచ్చట మామది కాదు, నాది. ఆయన్ను ఎరగనివాళ్ళు కూడా తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

రాజేశం మామ సిరిసిల్ల వైపు పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకే సూరత్ వచ్చాడు. మొదట మగ్గం నడిపాడు. తర్వాత చీర అంచు డిజైన్లను గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా నింపడం, వాటి ప్రకారం, బొమ్మలు నేసే జకార్డ్ మగ్గానికి రంధ్రాల అట్టలు గుద్దడం నేర్చుకున్నాడు. కంప్యూటర్ వచ్చాక యాభైకి దగ్గరపడ్డ వయసులో మౌసు పట్టాడు. సలాబత్‌పురాలో మూడో అంతస్తులో ఉన్న జయంతీభాయ్ డిజైన్ దుకాణానికి ఆయనే పెద్ద చేయి. నాకు ఇరవై దాటిన వయసులో మా నాన్న నన్ను ఆయన దగ్గర పనికి పెట్టాడు. నేను డిండోలిలో పెరిగి గుజరాతీ బడిలో చదివినవాణ్ణి. తెలుగు మాట్లాడతాను గానీ ఒక్క అక్షరం రాదు. అది తెలిసిన రోజు మామ గ్రాఫ్ కాగితం ముందుకు జరిపి, గళ్ళు నింపుతూ 'అ' వేశాడు. "అక్షరం గూడ డిజైనే, సత్తెం. జర దిద్దు," అన్నాడు. సరుకు రాని రోజుల్లో అలా ఒక్కొక్క గడీ నింపి చదవడం రాయడం నేర్చుకున్నాను. ఈ రాస్తున్నది కూడా ఆ అక్షరాలతోనే.

పనిలో ఆయన నేర్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నది అనుమానించే పద్ధతి. కొత్తలో ఒకసారి మేం ఇచ్చిన డిజైన్‌తో నేసిన అంచులో ప్రతి నెమలికీ మెడ దగ్గర చిన్న గీత పడింది. మగ్గం నడిపే మనిషి ఒరిస్సా వాడు, తాగి పనికి వచ్చి ఉంటాడని నేను తేల్చేశాను. మామ భూతద్దం తీసి గుడ్డ మీద వంగి పోగులు చూశాడు, తర్వాత అట్టలు తెప్పించి ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు. చివరికి తప్పు నేను నింపిన గడిలోనే దొరికింది. అప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, కోపం లేకుండా చెప్పాడు: "ముందుగాల పోగును అనుమానించు. పోగు మంచిగుంటె అట్టను. అట్ట మంచిగుంటె మగ్గాన్ని. అన్నీ అయినంక ఆఖర్న మనిషిని. గా మనుషులల్ల గూడ ముందుగాల నిన్ను." ఆ ఒరిస్సా మనిషికి మధ్యాహ్నం నా చేత టీ పోయించాడు. ఎందుకు పోశానో అతనికి చివరిదాకా తెలియలేదు.

తాపీ నది నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన ఏడాది దుకాణం కింది గోదాములోని అట్టలూ గ్రాఫ్ కాగితాలూ నాని ముద్దయ్యాయి. ఏళ్ళ తరబడి చేసిన పని బురదలో కలిసిపోయింది. అప్పుడు జయంతీభాయ్ తండ్రి, మేం పెద్ద సేఠ్ అనేవాళ్ళం, మామతో ఒక మాట అన్నాడు. డిజైన్లన్నిటికీ ఒక నకలు నీ ఇంట్లో, మేడ మీద పెట్టు, నా ఇల్లు కూడా నదికి దగ్గరే అని. ఆనాటి నుంచి మామ ప్రతి శనివారం అన్నీ డిస్కులోకి ఎక్కించి, తీగ పీకి, ఈ గుడ్డ సంచిలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళేవాడు. కాగితం మీద ఏదీ రాసుకోలేదు. పెద్ద సేఠ్ పోయాక కొడుక్కి ఆ సంగతి చెప్పాలని మామకు గానీ నాకు గానీ తోచలేదు. అది మాకు రోజూ చేతులు కడుక్కోవడం లాంటి పని అయిపోయింది. కానీ మా బజారులో డిజైన్ బయటికి పోవడమంటే ఇంట్లో దొంగ పడ్డట్టే. మా చీర అంచు ఒకటి వేరే దుకాణంలో కనిపించిన నాటి నుంచి జయంతీభాయ్ అందరి వంకా అదోలా చూడసాగాడు. మా సంచులు తెరిపించి చూసేవాడు. మామ సంచిని మాత్రం ఆ వయసును చూసి వదిలేసేవాడు.

కరోనా మొదటి ఏడాది, మూతపడ్డ బజారు తెరిచాక, అనుమానం ఊరంతటికీ అంటుకుంది. ఎవరు దగ్గినా పక్కవాడు జరిగేవాడు, ఇచ్చిన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకునేవారు. డిజైన్ గది చిన్నది, అందులో ఒక్కరే కూర్చోవాలన్నాడు సేఠ్ జయంతీభాయ్. పొద్దున మామ, మధ్యాహ్నం తర్వాత నేను. డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్‌కు డాంగిల్ అనే చిన్న తాళంచెవి గుచ్చి ఉంచాలి. దుకాణానికి ఉన్నది ఒక్కటే డాంగిల్. ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేస్తున్నారు కాబట్టి దీపావళి తర్వాత ఒక్కరినే ఉంచుతానని సేఠ్ చెప్పాడు. ఉండేది నేను కాదని నాకు గట్టిగా అనిపించింది. డాంగిల్ లేకుండా ఇంట్లో నా కంప్యూటర్ మీద కూడా పని చేయగలిగితే నా చేయి రెండింతలవుతుందని లెక్క వేసుకున్నాను. ఒక మధ్యాహ్నం నా వంతులో, తాళం విప్పిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తామన్న ఒక సైటు నుంచి ఫైలు దించి, నడుస్తుందో లేదో ముందు అక్కడే చూద్దామనుకున్నాను. తెరిచే ముందు యాంటీవైరస్ ఆపమని దానితో పాటు రాసి ఉంది. దొంగ ఇంటికి వచ్చి కుక్కను కట్టెయ్యమంటే కట్టేసినట్టు, ఆపేశాను.

సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. దానికి బదులు విండోస్ అప్‌డేట్ అవుతోందని, కంప్యూటర్‌ను ఆపవద్దని ఒక కిటికీ వచ్చింది. నేను నమ్మాను. డబ్బాలో ఫ్యాను గట్టిగా తిరుగుతోంది, డిస్కు దీపం ఆరకుండా వెలుగుతోంది. ఆ సమయంలో లోపల ఏం జరుగుతోందో తర్వాత రిపేరు మనిషి చెబితే తెలిసింది. ఆ కిటికీ కళ్ళకు కప్పిన తెర మాత్రమేనట. దాని వెనక ఒక్కొక్క ఫోల్డరూ తెరుచుకుని, ఒక్కొక్క డిజైనూ లోపల చిందరవందరై, పేరు చివర నాలుగక్షరాల తోక తగిలించుకుంటూ పోయింది. పాడైన ఫైలును వెనక్కి తెచ్చుకునేందుకు కంప్యూటర్ తనంతట తాను దాచుకున్న నకళ్ళు కూడా ముందే చెరిగిపోయాయి. యాంటీవైరస్ కంపెనీల సైట్లేవీ తెరుచుకోకుండా దారులు మూసుకుపోయాయి. నేను అప్‌డేట్ పూర్తికానీ అనుకుని, ఆరింటికి తెర మాత్రం ఆపి ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున మామ ఫోన్ చేశాడు. "సత్తెం, బొమ్మలన్నీ తెల్లకాగితాలైనయి. ఏది ఒత్తినా తెరుస్తలేదు," అన్నాడు. నేను వెళ్ళేసరికి ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి తెరకు దగ్గరగా వంగి ఉన్నాడు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకటే ఉత్తరం, ఇంగ్లీషులో. మీ ఫైళ్ళకు తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టండి, మూడు రోజులు దాటితే రెట్టింపు అని. మామ దాన్ని చదవమని నన్ను అడగలేదు. ఫైళ్ళు మారిన వేళలు చూస్తున్నాడు. గుడ్డలో తెగిన పోగు వెదికినట్టే వరుసగా వెనక్కి వెనక్కి పోయాడు. మొదట మారినదాని పక్కన నాలుగు గంటల పది నిమిషాలని ఉంది. అది నా వంతు. "నిన్న ఏమన్న ఎక్కించినవా?" అన్నాడు. లేదు మామా, అప్‌డేట్ వచ్చిందంతే అన్నాను. ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, "డిస్కు నా ఇంట్ల ఉన్నది. ఆఖరి వారం పని ఒక్కటే పోతది. తెస్త ఆగు," అని మెట్లు దిగాడు.

ఆయన వచ్చేలోపే సేఠ్, రిపేరు మనిషి వచ్చారు. ఎవరో ఎక్కించిన దానిలోనే ఇది లోపలికి వచ్చింది, కానీ ఇప్పుడు అంతా తుడిచి మళ్ళీ కొత్తగా పెట్టడం తప్ప దారి లేదు అన్నాడు రిపేరు మనిషి. సేఠ్ తుడిచేయమన్నాడు. నేను చూస్తుండగానే నా తప్పు ఆనవాలు కూడా తుడిచిపెట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే మామ చెమటలు కక్కుతూ సంచితో లోపలికి వచ్చాడు. డిజైన్లన్నీ ఇందులో భద్రంగా ఉన్నాయి సేఠ్ అని సంతోషంగా బల్ల మీద పెట్టాడు. సేఠ్ మొహంలో నేను చూసింది సంతోషం కాదు. ఇక్కడ అన్నిటికీ తాళం పడితే నీ ఇంట్లో అన్నీ ఎలా తెరిచి ఉన్నాయి అన్నాడు. మామకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. మీ నాన్నగారే పెట్టమన్నారు అన్నాడు. చనిపోయినవాడి మీద పెట్టకు అన్నాడు సేఠ్. అప్పుడు మామ సంచి తిప్పి రాత చూపించాడు. ఇది సేఠ్ సొత్తు అని మొదటి రోజే రాసి పెట్టానన్నాడు. సేఠ్‌కు తెలుగు రాదు. ఏం రాసుందో చదవమని సంచి నా చేతికిచ్చాడు.

"సత్యం, తూ పఢ్. క్యా లిఖా హై?"

మొదటి వరుస చూశాను. 'ఇది సేఠ్ ఇంటి సొత్తు.' రెండో వరుస దాకా నా కళ్ళు పోలేదు. నిజం చదివితే సేఠ్ మామను వదిలి ఇంకొకరి కోసం వెదుకుతాడు, ఆ వెదుకులాట నాలుగు గంటల పది నిమిషాల దగ్గర ఆగుతుంది అనిపించింది. "ఆయన పేరు రాసుకున్నాడు సేఠ్," అన్నాను హిందీలో. ఎవరు నేర్పిన అక్షరాలో, ఎవరి ముందు కూర్చుని దిద్దానో, ఆ మనిషి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. కింద అంతస్తుల్లో తెలుగు చదవగలిగేవాళ్ళు పదిమంది ఉంటారు. ఒక్కణ్ణి కేకేసి చదివించి ఉంటే నా అబద్ధం అక్కడే బయటపడేది. మామ కేకెయ్యలేదు. మాస్కు ముక్కు మీదికి లాక్కుని, డాంగిల్ బల్ల మీద ఉందో లేదో ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు. డిస్కూ సంచీ సేఠ్ ఉంచుకున్నాడు. దీపావళి సరుకు అందులోని డిజైన్లతోనే వెళ్ళింది. దుకాణంలో మిగిలిన ఒక్కణ్ణి నేనే. కొన్నాళ్ళు మామే ఏదో చేసి ఉంటాడని నిజంగానే నమ్మాలని చూశాను. నమ్మగలిగిన రోజు అన్నం తినగలిగేవాణ్ణి.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం సూరత్ దాటి కిమ్ అనే ఊరికి వెళ్ళాను. మామ అక్కడొక నేత యూనిట్‌లో తెగిన పోగులు అతికే పనిలో చేరాడని విన్నాను. అరవై ఏళ్ళ డిజైన్ మాస్టరు మగ్గం పక్కన స్టూలు మీద కూర్చుని ముడులు వేస్తున్నాడు. నన్ను చూసి, "ఏంది, గింత దూరం వచ్చినవ్? టీ తాగుతవా?" అన్నాడు. మగ్గాల మోతలో నేను చెప్పాల్సింది మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

"నాకు చెప్పుడెందుకు సత్తెం? నాకెరుకే. ఎరుక లేనోనికి చెప్పు."

 వచ్చేటప్పుడు, పని అయినంక డిస్కు తీగ పీకుతున్నవా అని అడిగాడు. పీకుతున్నానన్నాను. మంచిది, గుచ్చి ఉంచితే దానికి గూడ అంటుకుంటది అన్నాడు. మరుసటి వేసవిలో, రెండో విడత జబ్బులో, కిమ్‌లోనే పోయాడు. ఎరుక లేనివాడికి నేను అప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత చెప్పి ఏం లాభం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. సభలో నా వెనక కుర్చీ నుంచి ఆ మాట వినిపించేదాకా.

ఆ మాట విన్నాక కూడా నెలలు వెనకాడి, పోయిన శనివారం పని అయ్యాక సంచి తీసుకుని సేఠ్ గదిలోకి వెళ్ళాను. ఆయన ఇప్పుడు ముసలివాడయ్యాడు, అనుమానం మాత్రం తగ్గలేదు. ఆ మధ్యాహ్నం దించిన ఫైలు మొదలుకుని అంతా చెప్పాను. నమ్మినట్టు లేడు, ఇంత కాలానికి ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగాడు. వెలుపల మూట దించుతున్న ఎల్లయ్యను పిలిచి, సంచి ఇచ్చి, సేఠ్‌కు చదివి చెప్పమన్నాను. "ఏంది సత్తెమన్నా, నీకు చదువ రాదా?" అని నవ్వాడు ఎల్లయ్య. వస్తది, కానీ నేను చదివితే నమ్మొద్దన్నాను. అతను చేతులు లుంగీకి తుడుచుకుని, సంచిని వెలుతురుకు పట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇది సేఠ్ ఇంటి సొత్తు. నీళ్ళొస్తె నా సామాను కంటె ముందుగాల దీన్ని తియ్యాలె."

ఎల్లయ్యే దాన్ని హిందీలో చెప్పాడు. సేఠ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఇదే చెప్పాడు కదా రాజేశం అని, నాతో కాకుండా గోడతో అన్నట్టు అన్నాడు. సంచి తన సొరుగులో పెట్టుకుని తాళం వేశాడు. నన్ను ఉంచుతాడో పంపుతాడో ఇంకా చెప్పలేదు. వచ్చే శనివారం డిస్కు ఎవరు ఎక్కిస్తారో నాకు తెలియదు. ఆ సాయంత్రం మెట్ల దగ్గర, ఎవరూ అడగకముందే నా సంచి విప్పి సేఠ్ ముందు పెట్టాను. ఖాళీ టిఫిన్ డబ్బా, గొడుగు, తువ్వాలు. ఆయన ఒక్కొక్కటీ బయటికి తీసి చూశాడు. చూసినంతసేపూ నిలబడ్డాను. అప్పటి నుంచి రోజూ అలాగే విప్పి పెడుతున్నాను. అనుమానించాలంటే మనుషుల్లో ముందుగా నన్ను.