ఒక సైజు పెద్ద హెల్మెట్

మా చిన్నప్పుడు... ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. చొక్కా మోచేతులు దాటేది, నిక్కరు మోకాళ్లు దాటేది... ఎదిగే పిల్లలు కదా! ఆఖరికి నా క్రికెట్ హెల్మెట్ కూడా అట్లాగే కొన్నాడు మా నాయన.

మదనపల్లెలో అంగట్లో అది పెట్టుకుని తల తిప్పితే, తల ఇటు తిరిగింది, హెల్మెట్ అటే ఉండిపోయింది.

"లూజుగా ఉండాది నాయనా."

"ఉండనీరా, మూడేండ్లు పెట్టుకోవచ్చు. అంతదాకా లోపల తువ్వాల పెట్టుకో."

హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నాయన వెనక స్కూటర్ ఎక్కాను...

ఆ ఆదివారమే పుంగనూరులో మ్యాచ్. నేను తొమ్మిదో తరగతి. వాళ్ల టీంలో ఒక పొడుగు బౌలర్... బంతి నేరుగా మొహం మీదికే లేచేది. అప్పటికే మావాడొకడి పెదవి చీల్చి పంపించాడు. ప్యాడ్ల పట్టీలు కట్టి, మళ్లీ విప్పాను. ఆడనని చెప్పేద్దామనుకున్నా. కానీ బౌండరీ దగ్గర స్కూటర్ మీద కూర్చుని నాయన చెయ్యి ఊపుతున్నాడు... కొత్త హెల్మెట్ చూసుకుని మురిసిపోతున్నాడు మనిషి!

తువ్వాల కుక్కుకుని వెళ్లి నిలబడ్డాను. వాడు పరుగు మొదలుపెట్టాడు. కాస్త వంగానో లేదో, హెల్మెట్ జారి కళ్ల మీదికి దిగింది. అంతా చీకటి! బూట్ల చప్పుడు మాత్రం దగ్గరవుతోంది. ఆగమని చెయ్యెత్తుదామంటే చేతులు రాలేదు. "అమ్మా" అని అరిచానంతే...

బంతి తగిలింది మొహం ముందుండే ఇనప గ్రిల్లుకే. వదులు హెల్మెట్ కదా, ఆ గ్రిల్లు వచ్చి నా ముక్కు మీద పడింది. నోట్లోకి రక్తం. కళ్లు పోయాయేమోనని తెరవడానికి కూడా భయపడ్డాను.

"సూడప్పా... నన్ను సూడు! కనపడతాండానా?"

నాయన గొంతు... బౌండరీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. కళ్లు తెరిచాను. కనపడ్డాడు.

"లూజుగా ఉండాదని సెప్తివే గదరా..." అన్నాడు. హెల్మెట్లోని తువ్వాల తీసి నా ముక్కుకు అదిమాడు.

మొన్న మా పాపకు క్రికెట్ హెల్మెట్ కొనడానికి వెళితే నాయన కూడా వచ్చాడు. "ఒక సైజు పెద్దది తీసుకోండి సార్, ఎదిగే బిడ్డ," అన్నాడు అంగడాయన. నేను నోరు తెరిచేలోపే నాయన పాప గడ్డం కింద పట్టీ బిగించి, "తల ఊపు తల్లీ," అన్నాడు. మూడు పక్కన పెట్టేశాడు. నాలుగోది తలతోపాటే తిరిగింది.

"ఎదిగితే ఇంకోటి కొంటాం. ఈపొద్దు తలకు సరిపోయేదే ఈయప్పా," అన్నాడు... నా ముక్కు మీది మచ్చ వైపు చూడకుండా.

ఇప్పుడు పిల్లల బట్టలు ఎవరూ పెద్దవి కొని మడిచి కుట్టించడం లేదు... మీ ఇంట్లో మీకోసం పెద్ద సైజులో ఏమేం కొన్నారు? చెప్పండి, తగిలిన దెబ్బలతో సహా!